అడుగుగవి గంట

గవి దిగిన 31వ రోజు

ఎండలకు తలదాచుకునే మా గుహలో, అన్నిటికన్నా కిందిదైన అడుగుగవిలో, గంట మళ్ళీ మోగింది. గాలి చెడితే గంట కొట్టే కొత్త గాలిపెట్టె బిగించి నేటికి వారం. వారంలో ఇది ఆరోసారి.

మోగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పొద్దున్నే సున్నపుదుమ్ము తుడిచే పని మీద దిగాను. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. పెట్టె అద్దంలో 41 కనిపించింది. మామూలుగా అక్కడ ముప్పైకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నలభై గీతలు దాటితే చెడుగాలి చేరుతున్నట్టు లెక్క. నలభై అయిదు దగ్గర తలనొప్పి మొదలవుతుంది. అడుగున ఉండే పందొమ్మిది కుటుంబాలవాళ్ళూ పిల్లల్ని ఎత్తుకొని మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కంగారు పడలేదు. ఆరోసారి కదా. పది నిమిషాలకు పెట్టె మళ్ళీ గాలి చూసి 29 చూపించింది. గంట ఆగింది.

పుల్లక్క దీపం తెచ్చి మోకాలి ఎత్తున పట్టుకుంది. చెడుగాలి బరువు కాబట్టి నేలబారునే చేరుతుంది. దీపం నిటారుగా వెలిగింది. కోళ్ళు నేల గీరుకుంటున్నాయి.

"నీ పెట్టెకు పిచ్చి పట్టిండాది మే కాశమ్మా. కోళ్ళకు తెలీని చెడుగాలి దానికెట్ల తెలుస్తాది?" అంది.

"దీపం ఆరేలోపలే మనిషికి తల తిరుగుతాదక్కా. పెట్టెకు ముందుగా తెలుస్తాది."

"అయితే ముందు తెలిసింది పది నిమిషాలకే యాడికి పాయె?"

ఆమె వెనక కోడలు సుంకులమ్మ పసిగుడ్డును భుజాన వేసుకొని నిలబడి ఉంది. ఆ బిడ్డ పుట్టి ఇరవై రోజులు. ఇంకా పేరు పెట్టలేదు.

41, తర్వాత 29 అని పెట్టెల పుస్తకంలో రాశాను. ఎందుకో తెలియదని కూడా రాశాను.

32వ రోజు

నా తర్వాత ఈ పుస్తకం పట్టుకునేవాళ్ళ కోసం పెట్టె సంగతి ఒకసారి రాస్తాను.

పెట్టెలో గాలిని పసిగట్టే ముక్క ఒకటి ఉంటుంది. గాలిని బట్టి అది కొద్దిపాటి వోల్టేజి ఇస్తుంది. పది నిమిషాలకోసారి ఒక స్విచ్ తెరుచుకొని ఆ వోల్టేజిని చిన్న కెపాసిటర్‌లోకి వదిలి, వెంటనే మూసుకుంటుంది. కెపాసిటర్ ఆ విలువను పట్టుకొని కూర్చుంటుంది. పెట్టె దాన్ని నిదానంగా కొలిచి అంకె చూపిస్తుంది. ముంతలోకి నీళ్ళు వదిలి తూము మూసినట్టే. నీళ్ళ పైభాగం ఎప్పుడూ కొంచెం వణుకుతూ ఉంటుంది. తూము మూసిన క్షణాన అది ఏ ఎత్తులో ఉంటే ఆ ఎత్తే ముంతలో నిలిచిపోతుంది. కరెంటులోని ఆ వణుకును మేము రొద అంటాం. అది చెవికి వినబడేది కాదు. ముంత చిన్నదయ్యేకొద్దీ రొద పెరుగుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది.

చిప్పులు అచ్చువేసేవాళ్ళు ఏడాదికి ఒక్కసారి వస్తారు. ఈసారి మాకు చిప్పు మీద నిరుటి చోటులో సగమే ఇచ్చారు. వేరే దారి లేక కెపాసిటర్‌ను నాలుగో వంతుకు తగ్గించి గీశాను. అలా తగ్గిస్తే రొద రెట్టింపు కావాలి. అచ్చుకు ఇచ్చే ముందు మా లెక్కల యంత్రం మీద సిమ్యులేషన్ నడిపించి చూశాను. మా పద్ధతి ప్రకారం వెయ్యి పరుగులు. ఒక్కో పరుగులో స్విచ్ ఒకసారి తెరుచుకొని మూసుకుంటుంది. అన్ని పరుగుల్లోకీ రొద అంకెను ఎక్కువలో ఎక్కువ ఎంత ఎగరేసిందో యంత్రం చివరికి చెబుతుంది. ప్రతి పరుగునూ దాచుకునే చోటు దానిలో లేదు. పాత సైజుకు 1.54 గీతలు. కొత్త సైజుకు 3.08. సరిగ్గా రెట్టింపు. అంత సరిగ్గా వచ్చినందుకు ఆ రోజు సంతోషపడ్డాను.

ముప్పై దగ్గర ఉండే అంకె రొద వల్ల ముప్పై మూడు దాకా పోతుంది. నలభై దాటి గంట మోగాలంటే పది గీతలు ఎగరాలి. నా లెక్క ప్రకారం అది జరగదు.

కానీ అంకె 41కి ఎగిరి, పది నిమిషాల్లో 29కి పడితే, ఆ లెక్క లేకుంటే ఎవరు అడిగినా రొదే అనేదాన్ని.

33వ రోజు

గంట మోగింది. 42. తర్వాత 32.

మధ్యాహ్నం మద్దిలేటి పనిగదికి వచ్చాడు. గవికి ఈ మూడేళ్ళూ పెద్ద అతనే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాశమ్మా, ఒకటే మాట జెప్పు. వాళ్ళను ఉండమంటావా, ఎక్కమంటావా?"

"నాకు అర్థం కాకుండా ఉండాది పెద్దాయనా. దీపం బాగుందంటాది. పెట్టె బాగలేదంటాది."

"నీ లెక్కేమంటాది?"

"రొద మూడు దాటదంటాది."

"గంటకెంత గావాల?"

"పది."

"అయితే మోగేది రొద గాదు గదా?"

లెక్క ప్రకారం కాదన్నాను. బండల సందులోంచి చెడుగాలి కొంచెం కొంచెంగా తన్నుకొస్తూ ఉండవచ్చని అతను అన్నాడు. అలా జరుగుతుందా అని అడిగాడు. జరగదని చెప్పలేకపోయాను. మూడు రోజుల్లో అడుగుగవి ఖాళీ చేయాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎక్కడికి అన్నది ఇద్దరమూ మాట్లాడలేదు. నడిమిగవిలో బ్యాటరీలు, ధాన్యం, పనిగది ఉన్నాయి. బ్యాటరీల ఆవిరికి పసిపిల్లలను అక్కడ ఉంచరు. మిగిలింది పైగవి. బయట యాభై ఆరు డిగ్రీలున్న రోజున పైగవిలో నలభై ఒకటి ఉంటుంది.

35వ రోజు

రెండు రోజులుగా సిమ్యులేషన్‌తోనే కూర్చున్నాను. మధ్యలో బ్యాటరీలకు నీళ్ళు పోశాను. గాలి గొట్టం జల్లెడలు ఉతికి ఆరేశాను. గొట్టంలో గాలి బాగానే ఆడుతోంది.

వేడి వల్లనేమో అని లెక్కలో అరవై డిగ్రీలు పెట్టాను. 3.19 వచ్చింది. పెరిగింది గాని పది కాలేదు. స్విచ్ వల్లనేమో అని దాని నిరోధం రెట్టింపు చేశాను. దాదాపు అంతే. సగం చేశాను. అంతే.

దస్తగిరి సారు తన మంచం మీదే ఉన్నాడు. ఎనభై రెండేళ్ళు. చూపు పోయింది, చెవులు బాగా పనిచేస్తాయి. ఈ పని నాకు నేర్పింది ఆయనే.

"ఏం సారూ, స్విచ్ సన్నం చేసినా అంతే, లావు చేసినా అంతే. నాకేం అర్థం కాల్యా," అన్నాను.

"అంతే ఉండాల. తూము ఇరుకైతే నీళ్ళు నిదానం, వణుకూ నిదానం. మూసినాక నిలిచేది ముంతను బట్టే. ఇరవై ఏండ్ల కింద జెప్పినా నీకు. అప్పుడు గూడా అర్థం గాలేదన్నావు."

"అయితే గంట ఎందుకు మోగుతాంది?"

"మొదలంకె ఏం పెట్టినావు?"

"నాలుగువేల నూటపదిహేడు. ఇంకేం పెడతా?"

"అయితే లెక్క సరే. గాలే చెడింటాది."

ఈ మొదలంకె సంగతి కూడా రాయాలి. యంత్రం తనంతట తాను వణకలేదు. దానికి ఒక అంకె ఇస్తే, దాన్నే హెచ్చవేసి, భాగించి, తలా తోకా లేనట్టు కనిపించే అంకెల వరుస ఒకటి తీస్తుంది. ఆ వరుసే సిమ్యులేషన్‌లో రొద. ఇరవై రెండేళ్ళ కిందట పెట్టెలు చూసిన మనిషి తనకు నచ్చిన జవాబు వచ్చేదాకా మొదలంకె మార్చుకుంటూ పోయి, వచ్చినదాన్ని పుస్తకంలో రాశాడు. ఆ పెట్టె సమయానికి మోగలేదు. ఇద్దరు పోయారు. వాళ్ళలో ఒకడు సారు తమ్ముడు. ఆ తర్వాత సారు పనిగది వాకిలి మీది బండలో ఈ మాటలు చెక్కించాడు: "ప్రతి పరుగూ 4117తో మొదలు. ఎవరూ సొంత అంకె వాడరాదు. వెయ్యి పరుగులకు తక్కువ నడపరాదు." ఎవరు తిరిగి నడిపినా అదే జవాబు రావాలని. ఏ గవి నుంచి ఎవరు వచ్చి చూసినా మాకు అదే జవాబు వచ్చింది. దాని మీద మా గవికి మంచి పేరుంది.

36వ రోజు

అడుగుగవి ఖాళీ చేశారు.

మెట్లు నూట అరవై రెండు. సామాను తాళ్ళతో లాగారు. కోళ్ళ గంప పుల్లక్కే నెత్తిన పెట్టుకొని ఎక్కింది. నేను కింద నిలబడి తాడుకు మూటలు కట్టాను. ఆమె నా దగ్గర ఆగింది.

"పైన నలభై ఒకటంట. నా మనవరాలు ఏమన్నా అప్పడమా, ఎండబెట్టను?"

"గొట్టం దగ్గర చాప ఏయమని మద్దిలేటికి చెప్పినా అక్కా. ఆడ కొంచెం గాలి వస్తాది."

"నడిమిగవి పెట్టె తెచ్చి కింద పెట్టి చూడరాదా? అది ఎప్పుడూ కూసింది లేదు."

"బండలో పూడ్చినారక్కా దాన్ని. పెకిలిస్తే పగులుతాది."

"ఏది అడిగినా ఒక అడ్డం ఉంటాది నీతో."

ఎక్కిపోయింది. వెనకే సుంకులమ్మ బిడ్డ మొహాన తడిగుడ్డ కప్పి ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కింది.

37వ రోజు

పెట్టె చూడటానికి ఒక్కదాన్నే దిగాను. అడుగుగవిలో మనుషులు లేరు, పొయ్యిలు లేవు, కోళ్ళు లేవు. గాలి మామూలు కంటే చల్లగా ఉంది. నేనున్న గంటసేపూ అద్దంలో 27, 31, 30, 33, 28, 30.

మెట్లు ఎక్కుతుంటే వెనక గంట మోగింది. తిరిగి దిగాను. 41.

ఊపిరి పీల్చేవాళ్ళు లేనిచోట చెడుగాలి పెరగడమేమిటి. నేలమీద బోర్లా పడుకొని వాసన చూశాను. ఆ గాలికి వాసన ఉండదని తెలుసు. అయినా చూశాను. తల తిరగలేదు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాను.

మద్దిలేటికి చెప్పాను. "నేనన్లా? బండలోంచే వస్తాంది. మనుషులుంటే ఏమయ్యుండునో," అన్నాడు. నేను చెప్పిన మాటే అతనికి ధైర్యం ఇచ్చింది. నాకు మాత్రం ఇవ్వలేదు.

38వ రోజు

పైగవిలో 42 డిగ్రీలు. బయట వేడిగాలి.

బిడ్డ నిన్నటి నుంచి సరిగ్గా పాలు తాగడం లేదు. ఒళ్ళు కాలుతోంది. మాడు కొంచెం గుంటపడింది. మంత్రసాని వచ్చి చూసింది. తల్లిపాలు పిండి చెంచాతో పట్టమంది, చల్లటి చోటికి తీసుకుపొమ్మంది. చల్లటి చోటు ఏదో ఆమెకూ తెలుసు. నావైపు చూసి వెళ్ళిపోయింది.

పుల్లక్క తడిగుడ్డ పిండుతోంది. నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"కాశమ్మా, నీ లెక్క తప్పయితే తప్పని చెప్పుమే. ఎవురూ ఏమీ అనరు."

"తప్పు కనపడటం లేదక్కా."

"మళ్ళా చూడు."

మళ్ళీ వెయ్యి పరుగులు మొదలుపెట్టాను. మామూలుగా పూటలో అయ్యే వెయ్యికి, సోలార్ పలకలు దుమ్ముపట్టి, ఇప్పుడు రెండు రోజులు పడుతుంది.

39వ రోజు

సాయంత్రం దుమ్ముగాలి లేచి సోలార్ పలకలను కప్పేసింది. కరెంటు పడిపోయింది. యంత్రం 611వ పరుగు దగ్గర ఆగింది. ఆగేముందు అప్పటిదాకా వచ్చిన జవాబు చూపించింది. 3.08.

రాసి పెట్టి, చీపురు తీసుకొని మిగతావాళ్ళతో పాటు పలకలు ఊడవడానికి పైకి పోయాను. పొద్దు పూర్తిగా దిగాక బయట నలభై నాలుగుంది. ఊడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆరువందల పదకొండింటికి 3.08. వెయ్యికి 3.08. చివరి అంకెతో సహా ఒకటే. వెయ్యిమందిలో పొడుగువాడు మొదటి ఆరువందల మందిలోనే ఉండవచ్చు. ఉండకూడదని ఏమీ లేదు.

అలా అనుకొని వచ్చి పడుకున్నాను.

40వ రోజు

నియమానికి విరుద్ధంగా నలభై పరుగులే నడిపాను. 3.08.

పది నడిపాను. 3.08.

లేచి నీళ్ళు తాగి వచ్చాను. యంత్రం పాడైందనుకున్నాను. కెపాసిటర్ పాత సైజుకు మార్చి పది నడిపాను. 1.54. యంత్రం బాగానే ఉంది. మళ్ళీ కొత్త సైజు పెట్టి ఒకే ఒక్క పరుగు నడిపాను. ఇరవై ఏళ్ళలో ఎవరూ ఒక్క పరుగు నడపలేదు.

3.08.

పొడుగువాడు మొదటి మనిషే అయ్యాడు. పాత సైజుకూ వాడే, కొత్త సైజుకూ వాడే. అది ఎలాగో నాకు అంతుపట్టలేదు. బయటికి వచ్చి వాకిలి మీది బండ చదివాను. రోజూ దాని కిందనుంచే దూరి లోపలికి పోతాను. "ప్రతి పరుగూ 4117తో మొదలు."

ప్రతి పరుగూ.

అదే అంకె ఇస్తే అదే వరుస వస్తుంది. అదే వరుస వస్తే అదే రొద. వెయ్యి పరుగులూ ఒకే పరుగు. స్విచ్‌ను వెయ్యిసార్లు తెరిచి మూశామనుకున్నాం. ఒకే క్షణాన్ని వెయ్యిసార్లు చూశాం.

ఇన్నేళ్ళూ పాత పెట్టెల ముంత పెద్దది, రొద తక్కువ. లెక్క తప్పయినా గంట తప్పు మోగలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

41వ రోజు

ఉదయం సారు దగ్గరికి పోయాను. సంగటి తినిపించి, చెయ్యి కడిగాక చెప్పాను. ఆయన చివరికి ఒక్క పరుగుకు ఎంత వచ్చిందని అడిగాడు.

"మూడు పాయింటు సున్నా ఎనిమిది."

"రెండో పరుగుకు?"

"అంతే సారూ. ఏ పరుగుకైనా అంతే."

ఆయన వేళ్ళు మంచం పట్టెను తడుముతూ ఉన్నాయి.

"నా తమ్ముడు పోయినాక పెట్టిన నియమం అది."

"తెలుసు సారూ."

"దొంగతనం జరక్కూడదని పెట్టినా."

"జరగలా. మనమెవరమూ దొంగతనం చెయ్యలా."

"బండ మీది అంకె చెరపొద్దు," అన్నాడు. చెరిపితే ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటారని ఆయన భయం. నాకు కోపం వచ్చింది. పైన బిడ్డకు మాడు గుంటపడింది, ఈయన బండ గురించి మాట్లాడుతున్నాడు. లేవబోయాను.

"కూర్చో. మొదటి పరుగుకు నాలుగువేల నూటపదిహేడు. రెండోదానికి ఒకటి కలుపు. పద్దెనిమిది. దాని తర్వాత పంతొమ్మిది. అట్లే పో. ఎవరు నడిపినా అదే వస్తాది. ఏ రెండు పరుగులూ ఒకటి గావు. నాకిది అప్పుడే తోచాల్సింది."

మద్దిలేటిని అడిగి మరమగ్గాల కరెంటు కూడా యంత్రానికి తిప్పించుకున్నాను. ఎందుకని అడిగాడు. రేపు చెబుతానన్నాను. సాయంత్రానికి వెయ్యి అయ్యాయి. ఈసారి ప్రతి పరుగు అంకెనూ చేత్తో రాసుకున్నాను. వేలికి కాయ కాచింది.

ఎక్కువలో ఎక్కువ 13. పది దాటి పైకి ఎగిరినవి వెయ్యిలో ఆరు.

పెట్టె రోజుకు నూట నలభై నాలుగుసార్లు గాలి చూస్తుంది. అంటే రోజు మార్చి రోజు కాదు, దాదాపు ప్రతిరోజూ ఒక గంట. కొత్త పెట్టె వచ్చి పదిహేడు రోజులు. పుస్తకం తిరగేసి గంటలు లెక్కబెట్టాను. పదిహేను.

42వ రోజు

పైగవిలో అందరినీ కూర్చోబెట్టి మద్దిలేటి నన్ను చెప్పమన్నాడు. నాకు అందరి ముందు మాట్లాడే అలవాటు లేదు. చెప్పాను. కెపాసిటర్ సంగతి చెప్పినప్పుడు కొందరు ఆవలించారు. వెయ్యి పరుగులు ఒకే పరుగని చెప్పినప్పుడు ఎవరూ ఆవలించలేదు.

పుల్లక్క చేతిలో విసనకర్ర ఆగింది.

"వెయ్యిమందిని అడిగొచ్చినా అంటివి. ఒకన్నే వెయ్యిసార్లు అడిగినావా?"

"అవునక్కా."

"వాడు నిజమే చెప్పినాడా?"

"వాని మటుకు నిజమే."

ఎవరో నవ్వారు. పుల్లక్క నవ్వలేదు. విసనకర్ర మళ్ళీ ఆడించింది. బిడ్డ ఆమె ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకొని ఉంది.

మద్దిలేటి, "అయితే గంట అబద్ధమా?" అని అడిగాడు.

"ఇన్నాళ్ళూ మోగినవి రొద వల్లనే అనుకుంటా."

"అనుకుంటావా?"

"అన్నీ అవునో కాదో చెప్పలేను పెద్దాయనా. రేపు మోగేది రొదో, గాలో, మోగినప్పుడు నాకు తెలీదు."

"తెలీనిదాన్ని నమ్ముకొని కిందికి పంపమంటావా?"

దీనికి జవాబు నిన్నటి నుంచి ఆలోచించి పెట్టుకున్నాను. పెట్టెకు పక్కన ఒక మీట ఉంది. నొక్కితే పది నిమిషాలు ఆగకుండా అప్పుడే గాలి చూస్తుంది. మళ్ళీ సర్దుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. బ్యాటరీ తింటుందని దాన్ని ఎవరూ వాడరు. గంట మోగిన వెంటనే పదహారుసార్లు నొక్కి సగటు తీస్తే, రొద నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్కోసారి వణుకు పైకి, ఒక్కోసారి కిందికి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సగటు ముప్పై దగ్గర ఉంటే కిందనే ఉండొచ్చు. ముప్పై నాలుగు దాటితే ఎక్కాలి. ఉదయమే దిగి ఖాళీ గవిలో పదహారు నొక్కి చూశాను. సగటు సరిగ్గా 30.

"పదహారు నిమిషాలు. చెడుగాలి నిజమైతే అంతసేపు ఆడ కూర్చోమంటావా?" అన్నాడు మద్దిలేటి.

"మెట్ల మీద నిలబడనీ. కింద నొక్కేది నేను. ఈ ఎండలు అయిపోయేదాకా నా చాప కూడా ఆడనే."

మద్దిలేటి పుల్లక్క వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచి కోళ్ళ గంప వెతుక్కుంటోంది.

44వ రోజు

పందొమ్మిది కుటుంబాల్లో పదకొండే దిగాయి. మిగతావాళ్ళు చూసి వస్తామన్నారు. వాళ్ళను తప్పుపట్టను.

కిందికి దిగాక, బిడ్డ నిన్న సాయంత్రం నుంచి పాలు తాగుతోంది. ఒంటి వేడి తగ్గింది. మాడు ఇంకా కొంచెం లోతుగానే ఉందని మంత్రసాని చెప్పింది.

సారు కోరిక మీద బండ కింది వరసలో "పరుగు పరుగుకూ ఒకటి కలపాలి" అని చెక్కించే పని మొదలైంది. ఉలి చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది.

46వ రోజు

మధ్యాహ్నం వంట వేళకు గంట మోగింది. 42.

అందరూ సామాను వదిలి మెట్ల దగ్గరికి పోయారు. నేను పెట్టె దగ్గర పీట వేసుకొని కూర్చున్నాను. సుంకులమ్మ బిడ్డను భుజాన వేసుకొని రెండో మెట్టు మీద నిలబడింది. పుల్లక్క మాత్రం మెట్ల దాకా పోలేదు. నాకూ మెట్లకూ మధ్యలో నిలబడి, దీపం నేలమీద పెట్టింది.

నొక్కాను. 33. రాసుకున్నాను. నిమిషం ఆగాను. 28. ఆగాను. 36.

"ముప్పై ఆరంటే?" అంది పుల్లక్క. ఆమెకు అంకెలు తెలుసు.

"ఒకదాన్ని పట్టుకొని ఏమీ చెప్పలేనక్కా."

30. 25. 34. 31. 29.

తొమ్మిదోది 38. మెట్ల మీద ఎవరో ఇంకో మెట్టు ఎక్కిన చప్పుడైంది. నేను తల ఎత్తలేదు. నాకు తల బరువుగా ఉన్నట్టు అనిపించింది. అది గాలి వల్లో, భయం వల్లో తెలియదు. భయమని రాసుకుంటాను.

27. 32. 35.

"ఇంగెన్ని?"

"నాలుగు."

పుల్లక్క దీపం పక్కనే నేలమీద చతికిలబడింది. చెడుగాలి ఉంటే ముందు చేరేది అక్కడే. లేచి నిలబడమన్నాను. "మోకాళ్ళు నొస్తాండాయి, నువ్వు కానీ," అంది.

26. 33. 30. 29.

కూడాను. 496. ఒకసారి కింది నుంచి పైకి, ఒకసారి పై నుంచి కిందికి కూడాను. పదహారుతో భాగించాను.

"ముప్పై ఒకటి."

"అంటే?"

"అంటే సంగటి కెలుక్కోవచ్చు."

సుంకులమ్మ మెట్టు దిగింది. పుల్లక్క నా భుజం పట్టుకొని లేచింది. లేస్తూ, "నిన్న ముప్పై గదా అన్నావు," అంది.

అన్నది నిన్న కాదు, నాలుగు రోజుల కింద. అప్పుడు గవి ఖాళీగా ఉంది. ఈ రోజు పదకొండు కుటుంబాలు ఊపిరి పీలుస్తున్నాయి. అయినా పదహారింటి సగటు కూడా ఒక గీత అటూ ఇటూ ఊగుతుంది. ఆ పెరిగిన ఒక్క గీత ఊపిరో, రొదో నాకు తెలియదు. అలాగే చెప్పాను.

"తెలీదా?" అంది.

"తెలీదక్కా."

"సరే. మాపటికి మళ్ళా నొక్కు," అని పొయ్యి దగ్గరికి పోయింది.